వరద తగ్గాక సంపు, బావి, బోరు శుభ్రం చేసుకోవడం ఎలా? తోడించే ముందు ఇది చదవండి

తుపాను తీరం దాటిన రెండు మూడు రోజులకు వాన తెరిపి ఇస్తుంది. వీధిలో నీరు లాగేస్తుంది. ఇంట్లో బురద ఎత్తిపోసి, తడిసిన పరుపులు మిద్దె మీద ఆరేశాక అందరి చూపూ సంపు మీదికి మళ్లుతుంది. ‘మురుగునీరు లోపలికి దిగింది, మొత్తం తోడించేయాలా? బ్లీచింగ్ ఎంత వేయాలి? ఎన్నాళ్లకు తాగవచ్చు?’ ఏటా కార్తీకం వచ్చేసరికి తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, గూడూరు వైపు నుంచి నన్ను అడిగేవాళ్లవి ఈ మూడే ప్రశ్నలు. చిత్తూరులో నీవా నది ఒడ్డున ఉండేవాళ్లూ ఇవే అడుగుతారు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. బ్లీచింగ్ ఎంత అన్నది రెండో ప్రశ్న. ఎప్పుడు తోడాలన్నది మొదటి ప్రశ్న. బ్లీచింగ్ లెక్క తప్పితే మళ్లీ వేసుకోవచ్చు. తోడే సమయం తప్పితే సంపు లేచిపోతుంది, బావి కూలుతుంది. లోపల మనిషి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

2021 నవంబరు వరదలు గుర్తున్నాయి కదా. స్వర్ణముఖి పొంగి, కొండ మీది నీరంతా ఊరి మీద పడి తిరుపతి వీధులు ఏరులైన రోజులవి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకేజీ కనబడితే దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. నీరు తగ్గాక తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో ఒకావిడ తమ ఇంటి సంపులో దిగి శుభ్రం చేస్తుండగా, సిమెంటు ఒరలతో కట్టిన ఆ సంపు మొత్తంగా భూమిలోంచి పైకి లేచింది. ఆవిడ ప్రాణాలతో బయటపడ్డారు. చూడటానికి జనం గుంపులుగా వెళ్లారు, వింత అన్నారు. అది వింత కాదు. నేల అంతా నీటితో నానిపోయి ఉన్నప్పుడు లోపల నీరు తోడేస్తే జరిగేది అదే. అయిదడుగుల వ్యాసం, పదడుగుల లోతు ఉన్న ఒరల సంపు చుట్టూ భూగర్భజలం పైదాకా ఉంటే, ఆ నీరు దాన్ని సుమారు అయిదున్నర టన్నుల బలంతో పైకి తోస్తుంది. ఖాళీ ఒరల బరువు అంత ఉండదు. లోపల నీరు ఉన్నంతసేపూ ఆ బరువే సంపును కిందికి పట్టి ఉంచుతుంది. మీరు తోడేది మురికినే కాదు, ఆ బరువును కూడా.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఒక వాయుగుండం వెళ్లిందో లేదో ఇంకొకటి వస్తుంది. తీరం ఎక్కడ దాటినా తడిసేది మనమే. 2022 డిసెంబరులో మాండూస్ మామల్లపురం దగ్గర దాటింది, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటింది. రెండుసార్లూ తిరుపతి జిల్లా మునిగింది. అందుకే వీధిలో నీరు పోయినా నేలలో నీరు వారాల తరబడి దిగదు. పైన ఎండ కాస్తోంది కదా అని మోసపోకండి.

కావలసినవి

బ్లీచింగ్ పౌడరు. సంచి మీద తయారీ తేదీ చూసి కొనండి. తాజా పౌడరులో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది, మూత తీసి ఉంచిన కొద్దీ అది గాలిలో కలిసిపోతుంది. గడ్డకట్టినది, ఘాటు వాసన రానిది వద్దు. ఇంట్లో పోయినేటి పొట్లం ఉంటే మరుగుదొడ్డికి వాడుకోండి, తాగేనీటికి పనికిరాదు.

రెండు ప్లాస్టిక్ బకెట్లు, కర్ర, బరువు తూచే చిన్న త్రాసు. ఇనుప బకెట్లు వాడవద్దు. రబ్బరు చేతి తొడుగులు, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, ముక్కుకు, కళ్లకు రక్షణ. గట్టి తాడు. గట్టి బ్రష్షు, చీపురు. పటిక కొద్దిగా. నీటిలో క్లోరిన్ ఎంత మిగిలిందో చూసే క్లోరోస్కోపు, నీటిలో మలినక్రిములు ఉన్నాయో లేదో చూసే హెచ్‌టూఎస్ సీసాలు. ఈ రెండూ ఊళ్లలో అయితే సచివాలయం ద్వారా గానీ గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ల దగ్గర గానీ దొరుకుతాయి. పట్నంలో నగరపాలక సంస్థ నీటి సరఫరా సిబ్బందిని అడగండి. సముద్రం వైపు మండలాల వాళ్లకు నీటిలో కరిగిన ఉప్పు ఎంతో చూపే టీడీఎస్ మీటరు కూడా కావాలి.

తోడు ఒక మనిషి తప్పనిసరి. ఒంటరిగా ఈ పని మొదలుపెట్టవద్దు.

అడుగు 1: కరెంటు

మోటారు స్విచ్, స్టార్టరు, మీటరు నీటిలో మునిగి ఉంటే ఏదీ ముట్టుకోకండి. తడి నేల మీద నిలబడి మెయిన్ ఆపడానికి కూడా వెళ్లకండి. 1912కు ఫోను చేసి స్తంభం దగ్గరే ఆపించండి. ఎలక్ట్రీషియన్ వచ్చి స్టార్టరు పెట్టె ఆరబెట్టి, మోటారు చుట్టలో కరెంటు కారడం లేదని మీటరుతో చూసి చెప్పాకే మోటారు వేయండి. మునిగిన మోనోబ్లాక్ మోటారును ‘ఒకసారి వేసి చూద్దాం’ అంటే చుట్ట కాలిపోవడం ఖాయం. రీవైండింగ్ షాపులో ఆరబెట్టిస్తే అంతకంటే తక్కువ ఖర్చుతో పోతుంది.

అడుగు 2: తోడవచ్చా లేదా తేల్చుకోండి

దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. చుట్టుపక్కల పాత బావి ఉంటే వెళ్లి తొంగి చూడండి. నీరు నేలకు ఎన్ని అడుగుల లోతులో ఉంది? మీ సంపు అడుగు అంతకంటే లోతున ఉంటే, మీ సంపు నీటిలో మునిగి ఉన్నట్టే. బావి లేకపోతే ఇంకుడు గుంత చూడండి, కొత్తగా పునాదులు తీసిన స్థలం చూడండి. అదీ లేకపోతే సంపుకు కాస్త దూరంగా, ఇంటి పునాదికి తగలకుండా, గడ్డపారతో మూడు నాలుగు అడుగుల గుంత తీసి కొన్ని గంటలు వదిలేయండి. అందులో ఊట వచ్చి నిలిచిందంటే ఇంకా సమయం కాలేదు.

ఎంగిలిపడ్డట్టు కొద్దిగా తోడి చూసే పద్ధతి కూడా ఉంది. సంపులో పావు వంతు తోడి, నీటిమట్టం దగ్గర గోడ మీద బొగ్గుతో గీత పెట్టండి. వచ్చే పైపుల వాల్వులన్నీ కట్టేయండి. రాత్రి గడిచాక నీరు గీత దాటి పైకి వచ్చి ఉంటే బయటి నీరు ఒరల సందుల్లోంచి ఊరుతోందని అర్థం. అక్కడితో ఆపండి. గీత దగ్గరే ఉంటే మాత్రం తొందరపడి ‘సరే’ అనుకోకండి. గోడలు బాగా పూత పూసినవైతే బయట నీరు ఎంత ఉన్నా లోపలికి రాదు, పైకి తోయడం మాత్రం తోస్తుంది. కాబట్టి గీత పరీక్ష ఒక్కటే చాలదు, బావి లేదా గుంత కూడా చూడాలి.

నియమం ఇది: బయట నీరు ఎంత మట్టంలో ఉందో లోపల కూడా దాదాపు అంత మట్టం ఉండాలి. బయట తగ్గిన కొద్దీ లోపల తగ్గించండి. సెప్టిక్ ట్యాంకుకూ ఇదే వర్తిస్తుంది. వరద తగ్గిన మర్నాడే ట్యాంకరును పిలిచి సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయిస్తే అది లేవవచ్చు, గోడ లోపలికి ఒరగవచ్చు. పొంగకుండా ఉండేంత మేర, పైపైన మాత్రమే తీయించండి.

ఇటుకలతోనో రాళ్లతోనో కట్టిన పాత బావి లేవదు, కూలుతుంది. చుట్టూ నానిన మట్టి లోపలికి నెడుతుంటే, లోపలి నీరే గోడను ఆపి ఉంచుతుంది. పెద్ద ఇంజను పెట్టి ఒక్క పూటలో తోడేస్తే రాళ్లు జారడం మొదలవుతుంది. బావి చుట్టూ నేల పగుళ్లిచ్చినా, గట్టు ఒకవైపు కుంగినా, లోపల రాయి పడిన చప్పుడు వినిపించినా మోటారు ఆపి దూరంగా వచ్చేయండి. ఆ బావిని ఈ సీజనుకు వదిలేయడమే మంచిది.

అడుగు 3: ఇంకా తోడకూడదని తేలితే

చాలామందికి మొదటి రెండు మూడు వారాలు ఇదే పరిస్థితి. చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు.

పైన తేలే ఆకులు, నూనె తెట్టు, చచ్చిన పురుగులను జల్లెడతో గానీ పాత చీరతో గానీ తీసేయండి. నీరు కదలకుండా ఒక రోజు వదిలేస్తే ఒండ్రు అడుక్కు చేరుతుంది. ఆ తరవాత లావుపాటి గొట్టం ఒక కొస సంపు అడుక్కు దించి, ఇంకో కొసను వీధి కాలువ వైపు కిందికి పెట్టి, గొట్టం నిండా నీరు పట్టి వదిలితే అడుగు మడ్డి లాక్కుపోతుంది. గొట్టం బయటి కొస సంపులోని నీటిమట్టం కంటే పల్లంలో ఉంటేనే ఇది పని చేస్తుంది. లేకపోతే చిన్న మడ్డి పంపు వాడండి. ఎంత మడ్డి నీరు పోతే అంత మంచినీరు పైనుంచి పోస్తూ ఉండండి, మట్టం తగ్గకూడదు. తేట పడ్డాక అడుగు 7లో చెప్పిన రోజువారీ మోతాదులో బ్లీచింగ్ వేయండి. ఈ నీరు గిన్నెలు తోమడానికి, నేల కడగడానికి, మరుగుదొడ్డికి సరిపోతుంది. తాగడానికి, వంటకు వద్దు. అడుగున మడ్డి మిగిలి ఉన్నంతకాలం క్లోరిన్‌ను అదే తినేస్తుంది.

తాగేనీటికి ఈలోగా మూడు దారులు: ట్యాంకరు నీరు, కాచిన నీరు, క్లోరిన్ మాత్రలు. కాస్తే నీరు తెర్లి, ఒక నిమిషం పాటు తెర్లుతూనే ఉండాలి. అర గ్రాము మాత్ర ఒకటి 20 లీటర్ల తేట నీటికి సరిపోతుంది, వేసి అరగంట ఆగండి. నీరు మడ్డిగా ఉంటే 20 లీటర్లకు సుమారు ఒక గ్రాము పటిక కలిపి, బాగా తిప్పి, కొన్ని గంటలు తేర్చి, పైనీటిని నాలుగు మడతల గుడ్డలో వడకట్టి అప్పుడు మాత్ర వేయండి. చిల్లగింజ అరగదీసి తేర్చే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. అది నీటిని తేటపరుస్తుంది, క్రిములను చంపదు. దాని తరవాత కూడా కాచాలి.

అడుగు 4: తోడే సమయం వచ్చాక

పావు వంతు చొప్పున తోడండి. ప్రతిసారీ కొన్ని గంటలు ఆగి, సంపు అంచు చుట్టూ నేల చూడండి. సంపు మూత, చుట్టూ ఉన్న గచ్చు మధ్య కొత్త సందు కనబడితే అది కదిలిందన్నమాట. వెంటనే మళ్లీ నీరు నింపండి. మొత్తం ఖాళీ అయ్యాక అలా రోజుల తరబడి వదలకండి. ఆ పూటే కడిగి, ఆ పూటే నింపడం మొదలుపెట్టాలి. వాతావరణ శాఖ ఇంకో అల్పపీడనం చెప్పి ఉంటే ఆ వారం ఖాళీ చేయనే వద్దు.

అడుగు 5: లోపలికి దిగే ముందు

దిగకుండా పని జరిగితే దిగకండి. పొడవాటి కర్రకు బ్రష్షు కట్టి పైనుంచే రుద్దవచ్చు. లోతు ఎక్కువై దిగక తప్పకపోతే ఈ పేరా రెండుసార్లు చదవండి.

మురుగు దిగిన సంపులో, మూత వేసి ఉన్న బావిలో విషవాయువులు నిలుస్తాయి. ప్రాణవాయువు తగ్గుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పట్టడమే మానేస్తుంది. ‘మొదట వచ్చింది, ఇప్పుడు పోయింది’ అనుకున్నవాడు అక్కడే పడిపోతాడు. దీపం దించి చూసే పాత పద్ధతి ఉంది. దీపం ఆరితే దిగకూడదన్నది నిజం. ఆరకపోతే దిగవచ్చన్నది నిజం కాదు, విషవాయువు ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. మీథేనో పెట్రోలో ఉంటే మంటే ప్రమాదం. మూతలన్నీ తీసి కనీసం ఒక పగలంతా వదిలి, గాలి కొట్టే బ్లోయరు పెట్టి, అది ఆడుతుండగానే దిగాలి. దిగే మనిషి నడుముకు తాడు, ఆ తాడు పట్టుకుని పైన ఇద్దరు. డీజిలు, పెట్రోలు ఇంజనును ఎప్పుడూ బావిలోకి దించకండి, దాని పొగ చాలు మనిషిని చంపడానికి.

లోపలి మనిషి పలకకపోతే తాడుతో లాగండి, 108కి ఫోను చేయండి. కాపాడటానికి రెండో మనిషి దూకకూడదు. బావుల్లో, ట్యాంకుల్లో ఒకరి వెంట ఒకరు ముగ్గురు నలుగురు పోయే ప్రమాదాలన్నీ ఇలా జరిగేవే. ఇంకో విన్నపం. కూలికి వచ్చినవాళ్లను ఇవేవీ లేకుండా దింపకండి. వాళ్లు ‘మాకు అలవాటేనండి’ అన్నా ఒప్పుకోకండి.

కాళ్లకు, చేతులకు పుండ్లు ఉన్నవాళ్లు ఆ నీటిలో దిగకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల ఎలుక జ్వరం వస్తుంది. పని చేసిన వారం రెండు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరుకు వరద నీటిలో పని చేశానని చెప్పండి. ఆ ఒక్క మాట మీదే వైద్యం ఆధారపడుతుంది.

అడుగు 6: కడగడం, బ్లీచింగ్ లెక్క

మడ్డి పూర్తిగా ఎత్తిపోశాక గోడలు, అడుగు మంచినీటితో రుద్ది కడగండి. తరవాత 10 లీటర్ల నీటికి 60 గ్రాముల బ్లీచింగ్ కలిపిన తేటతో గోడలన్నీ తడిపి అరగంట వదిలేసి మళ్లీ కడగండి. ఈ తేట గోడలకు కొట్టేటప్పుడు లోపల మనిషి ఉండకూడదు, పైనుంచే చల్లండి. ఫినాయిల్, యాసిడ్, మరుగుదొడ్డి కడిగే ద్రావణాలు ఏవీ దీనితో కలపకండి. యాసిడ్ తగిలితే బ్లీచింగ్‌లోంచి క్లోరిన్ వాయువు వస్తుంది, ఇరుకు సంపులో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

ఇప్పుడు నీరు నింపి లెక్క కట్టండి. గుండ్రటి సంపుకైనా బావికైనా: వ్యాసం అడుగుల్లో, దాన్ని మళ్లీ వ్యాసంతోనే హెచ్చించి, నీటి లోతు అడుగులతో హెచ్చించి, 22తో హెచ్చిస్తే లీటర్లు. అయిదడుగుల వ్యాసం, ఎనిమిదడుగుల నీరు ఉంటే 5 × 5 × 8 × 22, అంటే 4,400 లీటర్లు. నలుచదరపు సంపుకు పొడవు × వెడల్పు × లోతు × 28.

వరద తరవాత మొదటిసారి గట్టి మోతాదు వేయాలి: ప్రతి 1,000 లీటర్లకు 150 గ్రాములు. పౌడరు కాస్త పాతదైతే 200. పై లెక్కలో 4,400 లీటర్లకు 660 గ్రాములు. ఇది తాగే మోతాదు కాదు, గోడలను, పైపులను శుద్ధి చేసే మోతాదు.

పౌడరును అలాగే సంపులో చల్లకండి. అందరూ చేసే తప్పు ఇదే. పొడి తేలుతుంది, సున్నం అడుక్కు చేరుతుంది, మధ్యలో నీరు అలాగే ఉంటుంది. ఒక్కో బకెట్‌కు 100 గ్రాములకు మించకుండా వేసి, ముందు కొద్ది నీటితో ముద్దలా కలిపి, తరవాత ముప్పావు బకెట్ దాకా నీరు పోసి తిప్పండి. పది నిమిషాలు వదిలితే తెల్లటి సున్నం అడుక్కు చేరి పైన పచ్చని ఛాయ ఉన్న తేట మిగులుతుంది. ఆ తేటను రెండో బకెట్‌లోకి వంపుకోండి, సున్నం పారేయండి. అది నీటిలో పడితే ఉప్పదనం కాదు గానీ కఠినత్వం పెరుగుతుంది, సబ్బు నురగ రాదు. తేటను బకెట్‌తో సహా తాడు కట్టి నీటి మట్టం కిందికి దించి, పైకీ కిందికీ ఆడించి కలపండి.

ఆ రాత్రి ఎవరూ నీరు వాడకూడదు. కొళాయిల దగ్గర కాగితం అంటించండి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే.

అడుగు 7: మిద్దె మీది ట్యాంకు, పైపులు

సంపు శుభ్రం చేసి పైపులు వదిలేస్తే పని సగమే అయినట్టు. మిద్దె ట్యాంకు ముందే కడిగి ఉంచండి. ఈ గట్టి మోతాదు నీటినే పైకి ఎక్కించి, వంటింటి నుంచి మొదలుపెట్టి ఒక్కో కొళాయి విప్పి, క్లోరిన్ వాసన రాగానే కట్టేయండి. 12 గంటలు పైపుల్లో నిలవనివ్వండి. వాటర్ ప్యూరిఫయరుకు వెళ్లే పైపును మాత్రం ముందే కట్టేయాలి. ఇంత క్లోరిన్ తగిలితే ఆర్‌వో పొర పాడవుతుంది. పని అంతా పూర్తయ్యాక దాని ఫిల్టర్లు మార్పించండి.

మర్నాడు ఆ నీటిని తోడేయాలి. ఇక్కడ చుట్టుపక్కల వాటి గురించి కూడా ఆలోచించండి. గట్టి క్లోరిన్ నీరు నేరుగా చెరువులోకి, చేపల గుంటలోకి, కొబ్బరి చెట్ల పాదుల్లోకి పోనివ్వకండి. తెరిచిన తొట్లలో రెండు రోజులు ఎండ తగిలితే క్లోరిన్ చాలావరకు పోతుంది. అప్పుడు కాలువలోకి వదలండి. ఎత్తిపోసిన పట్నం మురుగు ఒండ్రును కూరగాయల మడులకు వేయకండి, నగరపాలక సిబ్బందికి అప్పజెప్పండి.

తరవాత నింపిన నీటికి రోజువారీ మోతాదు: 1,000 లీటర్లకు రెండున్నర గ్రాములు. అదే పద్ధతిలో తేట తీసి కలిపి, గంట ఆగి వాడుకోండి. వరద తరవాత మొదటి నెల నీరు కాస్త మసకగా ఉంటే అయిదు గ్రాముల దాకా పట్టవచ్చు. పరీక్ష చెప్పేదాన్ని బట్టి వేయండి.

బోరు ఉన్నవాళ్లకు

కేసింగ్ పైపు నేలకు రెండడుగులు ఎత్తులో ఉండి, మూత గట్టిగా ఉండి, వరద అంత ఎత్తుకు రాకపోతే బోరులోకి మురుగు నేరుగా దిగి ఉండదు. అయినా పరీక్ష చేయించండి. మూత మునిగి ఉంటే ముందు నీరు తేటపడేదాకా మోటారు నడిపి బయటికి వదలండి. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు ఆరున్నర లీటర్ల నీరు ఉంటుంది. 200 అడుగుల నీరు ఉంటే 1,300 లీటర్లు, 200 గ్రాముల బ్లీచింగ్. తేట తీసి కేసింగ్‌లో పోసి, మోటారు పైపుకు గొట్టం తగిలించి ఆ నీటినే మళ్లీ కేసింగ్‌లోకి తిప్పండి. గొట్టంలో వాసన వచ్చేదాకా తిప్పి, 12 గంటలు ఆగి, వాసన పోయేదాకా బయటికి వదలండి. బోరుకు పక్కనే సెప్టిక్ ట్యాంకు ఉంటే ఎన్నిసార్లు క్లోరిన్ వేసినా మళ్లీ కలుస్తుంది. అలాంటి బోరు నీరు తాగడం మానేయడమే దారి.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

కంటికి తేటగా ఉంది, వాసన లేదు అన్నది పరీక్ష కాదు. టైఫాయిడ్, పచ్చకామెర్లు, అతిసారం తెచ్చే క్రిములు అద్దంలాంటి నీటిలోనూ ఉంటాయి.

రోజువారీ మోతాదు వేసిన గంటకు వంటింటి కొళాయి నీరు క్లోరోస్కోపు గొట్టంలో పట్టి, దానితో ఇచ్చిన ద్రావణం చుక్కలు వేసి రంగు పోల్చండి. లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. భారతీయ ప్రమాణం ప్రకారం కొళాయి దగ్గర 0.2కు తగ్గకూడదు. రంగు అసలు రాకపోతే నీటిలో మలినం క్లోరిన్‌ను తినేసిందని అర్థం. మోతాదు పెంచి మళ్లీ చూడండి. రెండుసార్లు పెంచినా రాకపోతే ఎక్కడో మడ్డి మిగిలింది, లేదా మురుగు ఇంకా కలుస్తోంది. అప్పుడు మోతాదు పెంచుతూ పోవడం కాదు, కారణం వెతకాలి.

హెచ్‌టూఎస్ సీసా పరీక్షకు క్లోరిన్ లేని నీరు కావాలి. కాబట్టి ఆ వారం కొత్తగా క్లోరిన్ వేయకుండా, క్లోరోస్కోపులో రంగు రాని రోజున పట్టండి. ఆ రోజుల్లో తాగేనీరు కాచుకోండి. సీసాలో గీత దాకా నీరు పోసి, మూత బిగించి, ఇంట్లో వెచ్చని చోట ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో నీరు నల్లబడితే మలినం ఉంది. మూత లోపలి భాగానికి వేలు తగిలినా ఫలితం తప్పుతుంది. నల్లబడితే అడుగు 6 నుంచి మళ్లీ మొదలు. నల్లబడకపోయినా వారం తరవాత ఇంకోసారి, తరవాతి పెద్దవానకు ఇంకోసారి చూడండి. పసిపిల్లల పాలకు ఈ మూడు పరీక్షలూ బాగా వచ్చేదాకా కాచిన నీరే వాడండి.

పొటాషియం పర్మాంగనేట్ వేసి నీరు గులాబీ రంగు తిరిగితే శుద్ధి అయిందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బావి నీటిని నమ్మకంగా శుద్ధి చేయడానికి అది చాలదు. సున్నం ఒక్కటే వేసినా అంతే.

సముద్రం వైపు బావులు: వాకాడు, కోట, చిల్లకూరు, తడ

మీ చిక్కు వేరు. ఉప్పెన నీరో, పులికాట్ సరస్సు పొంగిన నీరో, కట్టలు తెగిన రొయ్యల గుంటల నీరో బావిలో పడితే క్రిములతో పాటు ఉప్పు కూడా దిగుతుంది. కాచినా, బ్లీచింగ్ వేసినా ఉప్పు పోదు. కాస్తే ఇంకా చిక్కబడుతుంది.

తీరంలో తీపినీరు కింది ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లెక్క ప్రకారం పైన తీపినీటి మట్టం ఒక అడుగు తగ్గితే, కొన్నాళ్లకు కింద ఉప్పునీరు నలభై అడుగుల దాకా పైకి రాగలదు. ఉప్పగా ఉందని ఇంజను పెట్టి రోజుల తరబడి తోడితే తీపి పొర పోయి అడుగు ఉప్పు పైకి వస్తుంది. ఆ తరవాత అది తిరిగి రావడానికి ఏళ్లు పట్టవచ్చు. బావిలో పడిన ఉప్పునీటి మేరకు చేదతోనో చిన్న మోటారుతోనో నిదానంగా ఒకసారి తోడి ఆపండి. బావిలోని నీరు ఊరే వేగం కంటే ఎక్కువ వేగంతో తోడకండి. తోడిన నీటిని బావి పక్కనే పారబోస్తే మళ్లీ అందులోకే ఇంకుతుంది, దూరంగా వదలండి.

తరవాత వారానికి ఒకసారి, ఒకే వేళకు, పైనీటిని పట్టి టీడీఎస్ మీటరు పెట్టి అంకె గోడ మీద రాయండి. ప్రమాణం ప్రకారం 500 దాకా మంచిది, వేరే నీరు లేనప్పుడు 2,000 దాకా తాగవచ్చు. అంకె వారం వారం తగ్గుతుంటే వాన నీరు ఉప్పును కిందికి నెడుతోందని అర్థం. మిద్దె మీది వాన నీటిని, మొదటి వాన వదిలేసి, వడకట్టి బావి చుట్టుపక్కల ఇంకేలా చేస్తే ఇంకా త్వరగా తగ్గుతుంది. ఒకచోట ఆగిపోయినా, పెరిగినా ఆ అంకెలన్నీ తేదీలతో సహా రాసుకుని గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలకు నీటి నమూనాతో పాటు తీసుకెళ్లండి. పక్కనే రొయ్యల గుంట ఉంటే దాని దూరం, అందులో ఇప్పుడు నీరు ఉందా లేదా అన్నది కూడా రాయండి.